రథం కొన్నది ఇద్దరు, బిందెలు కొన్నది పదకొండు మంది

ప్రశ్న: నేను అమలాపురం దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. ఏడాదిగా ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవడం లేదు. మా ఊరి తీర్థంలో లాగే రథాన్ని చెక్కడాలతో సహా కంప్యూటర్లో త్రీడీ మోడల్ చేశాడు. ఐదు నెలలు పట్టింది. ఆన్‌లైన్‌లో 199 డాలర్లకు పెడితే ఎవరూ కొనలేదు. 15కి తగ్గిస్తే ఇద్దరు కొన్నారు. రెండు రోజుల్లో చేసిన స్టీలు బిందెల సెట్ మాత్రం 6 డాలర్ల చొప్పున 11 అమ్ముడయ్యాయి. సైటు వాటా పోగా తొమ్మిది నెలల్లో చేతికొచ్చింది సుమారు 4 వేలు, అంటే నెలకు 444 రూపాయలు. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, ఇదే చేస్తానంటున్నాడు. ఒక శిక్షణ సంస్థ వాళ్లు 1.8 లక్షలు కడితే ఏడాదిలో నెలకు 50 వేలు వస్తాయంటున్నారు. బీటెక్ మేలా, ఇది మేలా? పోల్చి చెప్పండి.

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఒకప్పుడు యాప్‌ల గురించి వచ్చేది, తర్వాత యూట్యూబ్ ఛానెళ్ల గురించి, ఇప్పుడు త్రీడీ మోడళ్ల గురించి. పైకి అడిగేది బీటెక్కా, ఇదా అని. లోపల ఉన్నది వేరే. వీడు చేతికి రాకుండా పోతున్నాడేమో, రేపు చుట్టాల ముందు ఏం చెప్పుకోవాలి అన్న టెన్షన్. ముందు దానికే జవాబు చెప్తాను. మీవాడు పోవడం లేదు.

చెడిపోతున్న పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. పది పనులు మొదలుపెడతారు, ఒక్కటీ పూర్తి చేయరు. మీవాడు మార్కులు రాకపోయినా, ఎవరూ అడగకపోయినా, ఐదు నెలలు ఒకే రథం మీద కూర్చుని దాన్ని ముగించాడు. పైగా 199కి పోకపోతే అలిగి మూలన పడేయలేదు. తగ్గించి చూశాడు, ఇంకొకటి చేసి పెట్టాడు. ఇంటర్ చదివే పిల్లల్లో ఇది నేను అరుదుగా చూసిన గుణం.

ఇక మీ 444 సంగతి. మీ ఊళ్లో రథం చెక్కిన వడ్రంగి తన కొడుక్కి మొదటి ఏడాది ఉలి పట్టడం నేర్పుతూ, నెలకు ఎంత గిట్టిందని లెక్కేసి ఉంటాడా? ఉత్తరం నిండా డాలర్లే ఉన్నాయి. ఆ రథం ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. మీరు దాన్ని పూర్తిగా చూడలేదని నా అనుమానం. కోపం తెచ్చుకోకండి. కొడుకు ఐదు నెలల పనిని చూడకుండానే 1.8 లక్షలు కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న తండ్రిని ఇంకెలా మందలించాలో నాకు తెలియదు.

బిందెలే ఎందుకు పోయాయన్నది అసలు పాఠం. 199 అన్నది అబ్బాయి పడ్డ కష్టంలోంచి వచ్చిన అంకె. 15 అన్నది భయంలోంచి వచ్చింది. కొనేవాడు ఈ రెంటిలో దేన్నీ చూడడు. ఇదే వస్తువు నా దగ్గర పనిచేసే కుర్రాడితో చేయిస్తే ఎన్ని రోజులు పడుతుంది, అతని జీతం ఎంత, నా సీన్ రేపటికి కావాలా వచ్చే నెలకా, ఇదీ అతని లెక్క. హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఫ్లాట్ల ఇంటీరియర్ బొమ్మలు చేసేవాళ్లకు మన వంటగది చూపించాల్సి వస్తుంది. మోడళ్లు అమ్మే సైట్లలో కాఫీ మగ్గులు, ఫ్రైయింగ్ పాన్‌లు కుప్పలుగా ఉంటాయి. స్టీలు బిందె కోసం వెతికితే దొరికేవి తక్కువ. 6 డాలర్లు పెట్టి అరపూట పని తప్పించుకున్నాడు కాబట్టే కొన్నాడు. రథం కావాల్సినవాడు ఎప్పుడో ఒకడు వస్తాడు. వచ్చినప్పుడు మాత్రం అతనికి వేరే దారి ఉండదు. అలాంటి సరుకుకు 15 పెడితే, ఇందులో ఏదో లోపం ఉందని అనుకుంటాడు తప్ప చవగ్గా దొరికిందని సంబరపడడు.

చెక్కడాలు ఎక్కువైతే ధర ఎక్కువ పలుకుతుందని పిల్లలు నమ్ముతారు. సగమే నిజం. సినిమా, ప్రకటనల వాళ్లకు ఆ సూక్ష్మం పనికొస్తుంది. లక్షల పాలిగాన్లు, అంటే మోడల్ ఉపరితలాన్ని కూర్చే చిన్న చిన్న పలకలు, ఉన్న ఫైలును గేములు చేసేవాడు తెరవనైనా తెరవడు. చెక్కడాలను నార్మల్ మ్యాప్‌లోకి, అంటే నున్నటి ఉపరితలం మీద ఎత్తుపల్లాలు ఉన్నట్టు భ్రమ కలిగించే బొమ్మలోకి దించి, అదే రథానికి తేలికైన రూపం ఇంకొకటి జత చేస్తే రెండో రకం కొనుగోలుదారు కూడా వస్తాడు. చక్రాలు విడిగా తిరగాలి, కొలతలు నిజమైన మీటర్లలో ఉండాలి, త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఫైలుతో పాటు వేరే సాఫ్ట్‌వేర్లలో తెరుచుకునే ఎఫ్‌బీఎక్స్, జీఎల్‌బీ రకాల ఫైళ్లు కూడా ఇవ్వాలి, వైర్‌ఫ్రేమ్, అంటే పాలిగాన్ల అల్లిక గీతలుగా కనిపించే బొమ్మ పెట్టాలి. అనుభవం ఉన్న కొనుగోలుదారు ముందు చూసేది ఆ వైర్‌ఫ్రేమే. మా అక్కయ్య చీర కొనేటప్పుడు తిరగేసి చూస్తుంది చూడండి, అలాగన్నమాట.

మోడళ్లు అమ్మిపెట్టే సైట్ల వాటాల గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. గేముల కంపెనీ ఎపిక్ గేమ్స్ వాళ్ల ఫ్యాబ్‌లో అమ్మకందారుకు 88 శాతం, యూనిటీ అసెట్ స్టోర్‌లో 70. టర్బోస్క్విడ్‌లో అక్కడే అమ్ముతామన్న ప్రత్యేక ఒప్పందం లేనివాళ్లకు 40 శాతమన్నది ఏళ్లుగా నడిచిన లెక్క. ఇవి మారుతుంటాయి కాబట్టి సరుకు పెట్టే రోజు మళ్లీ చదువుకోమనండి. మాకే అమ్మితే ఎక్కువిస్తామనే ఒప్పందాలకు ఈ వయసులో లొంగొద్దనండి.

ఇప్పుడు ఆ శిక్షణ సంస్థ మాట. ఒకసారి చేసి పెడితే నిద్రపోతున్నా డబ్బులు వస్తాయని చెప్పి ఉంటారు. నాకు దీని మీద గట్టి సందేహాలున్నాయి. ఈ బజార్లలో నిలకడగా సంపాదించేవాళ్లలో చాలామంది వెనక ఏళ్ల తరబడి పేర్చిన వందల మోడళ్లు ఉంటాయి. కొన్నవాళ్ల ప్రశ్నలకు జవాబులివ్వాలి, సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా పాత ఫైళ్లు సరిచేయాలి. అది నిద్రపోతూ చేసే పని కాదు, కిరాణా కొట్టు. పైగా పోటీ ఉచిత సరుకుతో. పోలీ హేవెన్ అనే సైటులో మోడళ్లు, వాటి పైకి అతికించే టెక్స్చర్ బొమ్మలు ఎవరైనా దేనికైనా ఉచితంగా వాడుకోవచ్చు. క్విక్సెల్ మెగాస్కాన్స్‌లో నిజం రాళ్లను, చెట్ల బెరళ్లను స్కాన్ చేసిన భారీ సేకరణను ఎపిక్ 2024 చివరిదాకా అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఇక నాలుగు మాటలు టైప్ చేస్తే మోడల్ తీసిచ్చే ఏఐ సాధనాలు వచ్చాయి. వాటి అల్లిక ఇంకా గజిబిజిగానే ఉంటుంది. కానీ దూరంగా పెట్టే కుర్చీకి, కుండకి అది చాలు. చవక సరుకు ధరను ముందుగా తినేది అదే.

బజారే మారిపోతుంది కూడా. మోడళ్ల సైటు స్కెచ్‌ఫ్యాబ్‌ను 2021లో ఎపిక్ కొంది, అదే ఏడాది టర్బోస్క్విడ్‌ను ఫొటోలు అమ్మే షట్టర్‌స్టాక్ కొంది. 2024 అక్టోబరులో ఫ్యాబ్ వచ్చాక ఎపిక్ పాత దుకాణం అన్‌రియల్ మార్కెట్‌ప్లేస్, స్కెచ్‌ఫ్యాబ్ స్టోర్ అమ్మకాలను దాంట్లోకి మళ్లించారు. ఏళ్లుగా దుకాణం పెట్టుకున్నవాళ్లు మూటాముల్లె సర్దుకుని వెళ్లాల్సి వచ్చింది. ఇవన్నీ తెలిసీ నెలకు 50 వేలని ఎవరైనా చెప్తే, ఆ 50 వేలు మోడళ్ల మీదా, మీలాంటి తండ్రుల ఫీజుల మీదా అని అడగండి. 1.8 లక్షలు కట్టొద్దు. బ్లెండర్ ఉచితం, దాంతో చేసింది అమ్ముకోవచ్చు. అబ్బాయి డబ్బు కట్టి వాడే సాఫ్ట్‌వేర్లైన మాయా, త్రీడీఎస్ మ్యాక్స్ విద్యార్థి వెర్షన్‌లో చేస్తున్నాడేమో మాత్రం ఈ రోజే కనుక్కోండి. అది చదువుకోవడానికి ఇచ్చిన లైసెన్సు, దాంతో చేసిన సరుకు అమ్మకూడదు.

మీకు తట్టని సమస్య ఇంకొకటి ఉంది. అబ్బాయికి 18 నిండినట్టు లేదు. మరి అమ్మకం ఖాతా ఎవరి పేరున ఉంది? ఖాతా అంటే ఒప్పందం, మన చట్టంలో ఒప్పందానికి 18 నిండాలి. పుట్టిన తేదీ మార్చి తెరిచి ఉంటే అది ఏ రోజైనా మూతపడొచ్చు. మీ పేరున ఉంటే మరీ చిక్కు, ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయడాన్ని ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. కొన్ని నెలలే కదా, 18 నిండేదాకా మోడళ్లు చేసి దాచుకోమనండి. తర్వాత అతని పేరునే పాన్, బ్యాంకు ఖాతా. అమెరికా సైటైతే డబ్ల్యూ-8బెన్ ఫారం, అంటే నేను అమెరికావాణ్ని కాదని పన్ను కోసం ఇచ్చే పత్రం అడుగుతుంది. అది ఇవ్వకపోతే అక్కడి రాయల్టీపై 30 శాతం పన్ను పట్టుకుంటారు, పాన్‌తో సహా సరిగ్గా ఇస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15. ఇక్కడి రిటర్నులో కూడా ఆ ఆదాయం చూపాలి.

పోలిక అడిగారు కదా. నిజం చెప్పాలంటే పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకటి నాలుగేళ్ల చదువు, ఇంకొకటి సాయంత్రం పూట తెరిచే కొట్టు. రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు. ఇంజినీరింగ్ నిజంగానే వద్దనుకుంటే హైదరాబాద్ మాసాబ్ ట్యాంకులోని జేఎన్ఏఎఫ్ఏయూ అనే కళల విశ్వవిద్యాలయంలో యానిమేషన్ బీఎఫ్ఏ డిగ్రీ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ ఉంది, మన రాష్ట్రంలోనే జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ ఉంది. ప్రవేశ పరీక్షల వివరాలు వాడికి మీకన్నా బాగా తెలిసి ఉంటాయి, వాడినే అడగండి. స్టూడియో ఉద్యోగమైతే భద్రమని కూడా అనుకోకండి. సినిమా గ్రాఫిక్స్ చేసే టెక్నికలర్ అంతటి సంస్థ 2025 ఫిబ్రవరిలో చేతులెత్తేస్తే బెంగళూరులో ఎందరో కళాకారులు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. అందుకే డిగ్రీ ఏదైనా ఒకటి ఉండాలంటాను. అది బీటెక్కే కావాలని మాత్రం అనను. ఎంపీసీ పరీక్షలు మాత్రం రాయాల్సిందే, ఆ మాట నా మాటగా వాడికి చెప్పండి.

ఖాతా సరిచేసుకున్నాక బిందెలకు తోడు గుండిగ, కాగు, చెంబు, గంటెల స్టాండు చేయమనండి. విడిగా ఒక్కోటి 4 డాలర్లు, మొత్తం వంటగది సెట్ 29. బిందెల సెట్ 6 నుంచి 9కి పోనివ్వొచ్చు, పదకొండు మంది ఎలాగూ బేరం అడగలేదు. రథానికి తేలికైన రూపం కూడా కలిపి 79 పెట్టి, ఏడాదిపాటు ఆ ధర ముట్టుకోవద్దనండి.