స్పీడ్‌గన్ పోలీసులు బండి ఎక్కడ ఆపుకోవచ్చు?

ప్రశ్న: హైదరాబాద్–విజయవాడ హైవే మీద తరచూ కారులో వెళ్తుంటాను. ఫ్లైఓవర్ దిగే చోట రోడ్డంచునే పోలీసులు ఇంటర్‌సెప్టర్ (స్పీడ్‌గన్ ఉన్న తనిఖీ బండి) నిలిపి స్పీడ్ చూస్తుంటారు. అది కనబడగానే ముందు బండ్లన్నీ సడన్ బ్రేకులు వేస్తాయి. అక్కడ మేం ఆపితే తప్పు. వాళ్లకు వేరే చట్టం ఉందా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: లేదు. ఇతరులకు ప్రమాదంగానో అడ్డుగానో బండిని బహిరంగ స్థలంలో నిలిపి ఉంచకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతుంది. బండి ఎవరి చేతిలో ఉంటే వాళ్లందరికీ అది వర్తిస్తుంది, పోలీసు బండికి అందులో మినహాయింపు లేదు. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్లు అంబులెన్సు, ఫైరింజన్, పోలీసు వాహనాలకు కొన్ని వెసులుబాట్లు ఇచ్చిన మాట నిజమే. అవి అత్యవసర పని మీద వెళ్తున్నప్పటికి మాత్రమే. రోజూ జరిగే స్పీడ్ తనిఖీని అత్యవసరం అనలేం. ఫుట్‌పాత్ మీద, జీబ్రా గీతల మీద, కూడలి అంచు నుంచి 50 మీటర్ల లోపు బండి పెట్టకూడదన్న నిబంధన వాళ్లకూ ఉంది.

స్పీడ్‌గన్, కెమెరాల సంగతి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 167ఏ చూస్తుంది. 2021 ఆగస్టులో వచ్చిన నియమమిది. పరికరాన్ని రాకపోకలకు అడ్డంకి కాకుండా, ఎదుటి చూపు మూసుకుపోకుండా పెట్టాలని అందులో స్పష్టంగా ఉంది.

ఇక ఫ్లైఓవర్ దిగువ చోటు ఎందుకు చెడ్డదో చూద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు వేసి ఆపడానికి రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం 180 మీటర్లు కావాలి. 80 వేగానికి 120 మీటర్లు. ఫ్లైఓవర్ నడినెత్తి దాటితే గానీ అవతలి రోడ్డు కనబడదు. పైగా వాలులో బండి ఆగడానికి మరింత దూరం పడుతుంది. ఆ శిఖరానికి 70, 80 మీటర్లలో పోలీసు బండి ఉంటే, మొదటి కారు బ్రేకు వేసినా వెనక లారీకి ఆ అవకాశం ఉండదు. వేగాన్ని తగ్గించడానికి వచ్చిన వాళ్లే గుద్దుడుకు కారణమవుతారు. వంపు లోపలి వైపు, ఎక్కే దిగే ర్యాంపులు మెయిన్ రోడ్డులో కలిసే చోట, వంతెనల మీద కూడా ఇదే ముప్పు.

షోల్డర్, అంటే లేన్ పక్కన రోడ్డంచున వదిలే జాగా, వెడల్పు కూడా చూడాలి. పాత నాలుగు వరుసల రహదారుల్లో చాలాచోట్ల తారు షోల్డర్ ఒకటిన్నర మీటరే. ఇంటర్‌సెప్టర్‌గా వాడే పెద్ద కారు వెడల్పు సుమారు 1.8 మీటర్లు. అంటే షోల్డర్ మీదే ఆపినా కుడి చక్రాలు లేన్‌లోకి వస్తాయి, డ్రైవరు తలుపు తీస్తే ఇంకో మీటరు పోతుంది. ఎడమ చక్రాలు మట్టి అంచు మీదికి దింపాలి. అది వానకు నానితే కూరుకుపోతుంది కాబట్టి ముందు దిగి తొక్కి చూసుకోవాలి.

మంచి చోటు అంటే, రోడ్డు తిన్నగా ఉండి దూరం నుంచే కనబడే లేబై (లారీలు ఆపుకోవడానికి రోడ్డు పక్కన కట్టిన జాగా), లేదా క్రాష్ బ్యారియర్ (రోడ్డంచున అడ్డంగా బిగించిన ఇనుప రేకు) అవతలి సర్వీసు రోడ్డు. బ్యారియర్‌ను ఆనుకొని మాత్రం నిలబడకూడదు, బండి గుద్దితే ఆ రేకు వెనక్కి వంగుతుంది. లేబైలో అయినా సిబ్బంది తమ బండికి ముందు గానీ వెనక గానీ నిలబడకుండా, ఎడమకు దూరంగా ఉండాలి. స్టీరింగ్ ఎడమకు తిప్పి ఉంచాలి. వెనక నుంచి ఎవరైనా గుద్దితే బండి ట్రాఫిక్‌లోకి దొర్లదు. రాత్రయితే కోన్లు, మెరిసే జాకెట్లు, తిరిగే లైట్లు లేనిదే అసలు నిలబడకూడదు.

ప్రశ్న: చెట్టు చాటున దాక్కుని ఫొటో తీస్తే ఆ చలానా చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: పోలీసు మనిషి కనబడి తీరాలని చట్టంలో లేదు. కాబట్టి చెట్టు చాటు ఒక్కటే చూపిస్తే చలానా కొట్టేయరు. 167ఏ కోరేది వేరు. నిఘా ఉన్న రోడ్డు మొదలవకముందే హెచ్చరిక బోర్డు ప్రస్ఫుటంగా ఉండాలి. గన్‌కు అధీకృత సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలి. నేరం జరిగిన 15 రోజుల్లో నోటీసు రావాలి. నంబరు ప్లేటు కనబడే ఫొటో, గన్ చూపిన వేగం, తేదీ, సమయం, స్థలం అందులో ఉండాలి. వీటిలో ఏది లోపించినా ఈ-చలాన్ సైటులో ఫిర్యాదు చేయండి, వినకపోతే కోర్టులో చెప్పండి. బండి తప్పు చోట ఆగిందన్న అభ్యంతరం వేరే ఫిర్యాదు. దానితో మీ వేగం తగ్గినట్టు కాదు.

ఒక్క కానిస్టేబుల్ కంటిచూపుతో ‘స్పీడుగా వచ్చావు’ అంటే మాత్రం చాలదు. పరికరం లెక్క లేకుండా ఒక్క సాక్షి అభిప్రాయంతో శిక్ష వేయరాదని 183వ సెక్షన్ అంటుంది.

ప్రశ్న: పక్క నుంచి, ఏటవాలుగా గురిపెడితే గన్ వేగం ఎక్కువ చూపిస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తక్కువే చూపిస్తుంది. గన్ కొలిచేది తనవైపు ఎంత వేగంగా దగ్గరవుతున్నారో అంతే. 10 డిగ్రీల కోణంలో 100 వేగం 98.5గా, 20 డిగ్రీల్లో 94గా కనబడుతుంది. రోడ్డుకు 3 మీటర్ల దూరంలో నిలబడి 100 మీటర్ల అవతలి కారును కొలిస్తే కోణం రెండు డిగ్రీలైనా ఉండదు, తేడా లెక్కలోకి రాదు. అందుకని తేడా వస్తుందన్న భయంతో సిబ్బంది తారు అంచుకు అంటుకుని నిలబడనక్కర్లేదు. ఇంకో రెండు మీటర్లు వెనక్కి జరిగినా కొలత చెడదు, ప్రాణం నిలుస్తుంది. అసలు పొరపాటు చెయ్యి కదలడం వల్ల వస్తుంది. లేజర్ చుక్క బానెట్ పొడవునా జారితే అంకె మారిపోవచ్చు. ట్రైపాడ్ వేసి నంబరు ప్లేటు మీదే గురి నిలపాలి. లారీ వెళ్తే అదిరే ఫ్లైఓవర్ ఈ కారణంగానూ పనికిరాదు.

ప్రశ్న: బైకు ఆపడానికి రోడ్డు మధ్యలోకి ఉరికి వస్తున్నారు. ఇది సరైనదేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఆపమంటే ఆగాలి. కదిలే బండికి అడ్డం పడటం వేరు. హెల్మెట్ తనిఖీలో రోడ్డు మధ్యకు వచ్చి బలవంతంగా ఆపడాన్ని కేరళ హైకోర్టు 2019 నవంబరులో తప్పుబట్టింది. ఫొటోతో చలానా ఇంటికే పంపగలిగినప్పుడు హైవే మీద బండి ఆపాల్సిన పనే లేదు. తప్పదనుకుంటే ముందున్న టోల్‌ప్లాజా దగ్గర ఆపాలి.

ప్రమాదకరంగా నిలిపిన పోలీసు బండి కనిపిస్తే దాని దగ్గర ఆగి వాదన పెట్టుకోకండి. పక్కన కూర్చున్నవారు సమయం, కిలోమీటరు రాయి అంకె, ఏ దిక్కు వైపు రోడ్డో రాసుకోవాలి. జాతీయ రహదారి అయితే 1033కు, ఎక్కడైనా తక్షణ ప్రమాదం ఉంటే 112కు చెప్పండి. ఆ మూడు వివరాలతో జిల్లా ఎస్పీకి గానీ పోలీసు కమిషనర్‌కు గానీ రాతపూర్వకంగా పంపండి. ‘ఫ్లైఓవర్ దగ్గర’ అని వదిలేస్తే ఏ ఫ్లైఓవరో తేల్చలేక ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది.