రికార్డుల పిచ్చి అనే ముందు

చిరంజీవి కార్తీక్‌కి అత్తయ్య ఆశీస్సులు.

క్వార్టర్‌బ్యాక్ (జట్టు తరఫున బంతి విసిరే ఆటగాడు) ఆరన్ రాడ్జర్స్ మీద తెలుగులో గంటసేపు పాడ్‌కాస్ట్ చేస్తున్నావట, అన్నయ్య ఫోన్లో చెప్పాడు. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఊసెత్తని ఇంట్లో పుట్టి, అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మన భాషలో మాట్లాడదామనుకున్నావు చూడు, దానికే నిన్ను మెచ్చుకోవాలి. ఆ సంతోషంలో ఉండగానే ఎపిసోడ్ పేరు కూడా చెప్పాడు: "నలభై దాటినా తీరని రికార్డుల పిచ్చి". గుండె గుభేలుమంది. ఆ మనిషి మనసులో ఏముందో నీకెవరు చెప్పార్రా?

ముందు చిన్నవి అయిపోనీ. నువ్వు స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. ప్రకటనల డబ్బు వచ్చే ఏర్పాటు చేసేముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. స్నేహితులు ఏమన్నా సరే, అడిగాకే. మ్యాచ్ క్లిప్పులు వాడకు, ఎన్‌ఎఫ్‌ఎల్ (ఆ ఆట లీగ్) కాపీరైట్ విషయంలో ఊరుకోదు. అంకెలు ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్‌లో సీజన్ల వారీగా చూసి రాసుకో. రెగ్యులర్ సీజన్ (లీగ్ మ్యాచులు) లెక్క వేరు, ప్లేఆఫ్స్ (ఆ తర్వాతి నాకౌట్ మ్యాచులు) లెక్క వేరు. కెరీర్ రికార్డు అన్నప్పుడల్లా మొదటిదే. రికార్డు ఉన్న టామ్ బ్రేడీ 649 టచ్‌డౌన్ పాసుల్లో (ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాసులు) ప్లేఆఫ్స్‌వి 88 కలవలేదు. పాత క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ పేరు స్పెల్లింగ్ చూసి "ఫావ్రే" అనకు, మొదటి నిమిషంలోనే పరువు పోతుంది.

ఇక అసలు సంగతి. ఫలానావాడు రికార్డు కోసం ఆడుతున్నాడు అనాలంటే ముందు ఆ రికార్డు అందేంత దూరంలో ఉండాలి కదా. రాడ్జర్స్ 1983 డిసెంబర్‌లో పుట్టాడు. 2024 సీజన్ ముగిసేసరికి అతని టచ్‌డౌన్ పాసులు 503. బ్రేడీ 649ని అందుకోవాలంటే ఇంకా 146 కావాలి. ఆ ఏడాది న్యూయార్క్ జెట్స్ జట్టుకి అతను వేసినవి 28. అదే ఊపు ఒక్క గాయం లేకుండా సాగినా ఐదేళ్ళ పైమాట, అప్పటికి 46 దాటతాయి. మరి 2025లో పిట్స్‌బర్గ్ జట్టుకి వెళ్ళింది దేనికోసం అంటావు? అప్పటికి అతని ముందు ఉన్నది ఫార్వ్ 508, అంటే జాబితాలో నాలుగో స్థానం. నాలుగో స్థానం కోసం 2023 సెప్టెంబర్‌లో తెగిన అకిలీస్ టెండన్‌ని (మడమ వెనక స్నాయువుని) కుట్టించుకుని, ఏడాది కసరత్తు చేసి, మళ్ళీ 300 పౌండ్ల మనుషుల కింద పడతాడా ఎవడైనా?

ఇంకోటి చూడు. అన్ని రికార్డులూ ఆడేకొద్దీ పెరిగేవి కావు. యార్డులు (పాసులతో ముందుకు సాగిన దూరం), టచ్‌డౌన్లు పోగుపడతాయి. శాతాలు అలా కాదు, వయసు మీదపడ్డ చేతితో ఆడేకొద్దీ అరిగిపోతాయి. రాడ్జర్స్‌కి నిజంగా పేరు తెచ్చింది రెండో రకమే: వేసిన పాసుల్లో ప్రత్యర్థి చేతికి చిక్కిన వాటి శాతం చరిత్రలోకెల్లా తక్కువ ఉన్నవాళ్ళలో ముందు వరుస అతనిది. రికార్డే ముఖ్యమైతే అతను ఎప్పుడో ఇంట్లో కూర్చోవాలి.

మొత్తాలు ఎందుకు ఇంత తొందరగా మారుతున్నాయో కూడా చెప్పాలి, లేకపోతే వినేవాళ్ళకి ఇదంతా ముసలివాళ్ళ ఆశలా కనిపిస్తుంది. టచ్‌డౌన్ పాసుల రికార్డు 1995లో డాన్ మరీనోకి వచ్చింది. 2007లో ఫార్వ్, 2014లో పేటన్ మ్యానింగ్, 2019లో డ్రూ బ్రీస్, ఆ మరుసటి ఏడే బ్రేడీ. మధ్యలో ఖాళీ ఎలా తగ్గుతూ వచ్చిందో చూశావా? 1978లో సీజన్ 14 మ్యాచుల నుంచి 16కి పెరిగింది, 2021లో 17 అయింది. అదే 1978లో, పాస్ అందుకునే రిసీవర్‌ని ఐదు యార్డులు దాటాక డిఫెండర్ ముట్టుకోకూడదన్నారు. 2004 నుంచి ఆ నిబంధనని గట్టిగా అమలు చేశారు. క్వార్టర్‌బ్యాక్‌ని మోకాళ్ళ దగ్గర, తల దగ్గర కొట్టకూడదన్నారు. చేయి బాగున్నవాడు మైదానంలో ఉంటే చాలు, రికార్డు తనంతట తానే నడిచొస్తుంది. వచ్చిన రికార్డు వేరు, వెంటపడ్డ రికార్డు వేరు. ఈ తేడా తెలియాలంటే ఒకటే దారి: రికార్డు ఒకవైపు, గెలుపో ఆరోగ్యమో డబ్బో ఇంకోవైపు లాగిన రోజులు పట్టుకుని, ఆ రోజు ఎటు మొగ్గాడో చూడాలి.

ఇలా చూడకపోవడం వల్ల జనం పప్పులో కాలేసిన రోజు ఒకటుంది. నువ్వూ అందులోనే వేస్తావని నా భయం, అందుకే వివరంగా చెబుతున్నా.

2015 నవంబర్ 15, డెన్వర్, ప్రత్యర్థి కాన్సస్ సిటీ. డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మ్యానింగ్‌కి 39 ఏళ్ళు. ఫార్వ్ కెరీర్ యార్డులు 71,838. వాటిని దాటడానికి ఇంకో 3 యార్డులు చాలు. మొదటి క్వార్టర్లోనే రానీ హిల్‌మన్‌కి 4 యార్డుల పొట్టి పాస్ వేశాడు, రికార్డు మారింది, స్టేడియం లేచి నిలబడింది. ఆ తర్వాత జరిగింది చూడలేం. మొత్తం 20 పాసుల్లో చేరినవి 5. యార్డులు 35. ప్రత్యర్థికి చిక్కినవి 4. మూడో క్వార్టర్లో కోచ్ గ్యారీ కూబియాక్ అతన్ని తీసేసి బ్రాక్ ఓస్‌వైలర్‌ని దింపాడు. డెన్వర్ 29-13తో ఓడింది.

ఆ రోజు అతని పాసర్ రేటింగ్ 0.0. ఇది ఎంత ఘోరమో శ్రోతలకి లెక్కతో చెప్పు, తెలుగులో ఎవరూ చెప్పినట్టు లేరు. రేటింగ్‌లో నాలుగు భాగాలు: చేరిన పాసుల శాతం, పాస్‌కి వచ్చిన యార్డులు, టచ్‌డౌన్ల శాతం, ఇంటర్‌సెప్షన్ల (ప్రత్యర్థికి చిక్కిన పాసుల) శాతం. పాసుల్లో చేరినవి 30 శాతం దాటకపోతే మొదటిది సున్నా, అతనివి 25. పాస్‌కి 3 యార్డులు దాటకపోతే రెండోది సున్నా, అతనివి 1.75. టచ్‌డౌన్ లేదు, మూడోదీ సున్నాయే. ఇంటర్‌సెప్షన్లు 9.5 శాతానికి చేరితే నాలుగోదీ సున్నా, అతనివి 20. అదే 20 బంతుల్నీ ఎవరికీ అందకుండా నేలకేసి కొట్టి ఉంటే 39.6 వచ్చేది. అంటే ఆ రోజు నేలకి కొట్టడమే నయం.

చూసినవాళ్ళు చాలామంది అప్పుడే తీర్పు చెప్పేశారు: పాదం నొప్పి, పక్కటెముకల నొప్పి పెట్టుకుని రికార్డు కోసం దిగాడు, జట్టుని ముంచాడు అని. కాస్త ఆగి ఆలోచించరా. రికార్డు కోసమే అయితే అది మొదటి క్వార్టర్లోనే చేతికొచ్చింది. నొప్పి అని చెప్పి బెంచీ మీద కూర్చుంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. అతను ఆడుతూనే ఉన్నాడు. ఆ రోజు ఇంకో రికార్డు కూడా ఉందంటావు, నిజమే: రెగ్యులర్ సీజన్ గెలుపుల్లో ఫార్వ్‌తో 186 దగ్గర సమానంగా ఉన్నాడు, గెలిస్తే 187. కానీ దానికి మ్యాచ్ గెలవాలి, గెలవాలంటే బాగా ఆడాలి. అక్కడ జట్టు కోరికా అతని కోరికా ఒకటే, కాబట్టి అది సాక్ష్యం కాదు. దింపకుండా ఉండాల్సిందని మ్యాచ్ తర్వాత కూబియాకే తన మీద వేసుకున్నాడు.

సాక్ష్యం తర్వాత వచ్చింది. 2016 జనవరి 3, శాన్ డియేగోతో ఆఖరి లీగ్ మ్యాచ్. వారాల తరబడి బయట ఉన్న మ్యానింగ్ బ్యాకప్‌గా కూర్చున్నాడు. జట్టు తడబడుతుంటే మూడో క్వార్టర్లో దిగి, ఎక్కువగా బంతి రన్నింగ్ బ్యాక్‌లకి అందిస్తూ, 27-20తో గెలిపించాడు. క్వార్టర్‌బ్యాక్ గెలుపు లెక్కలో మొదట దిగినవాడి ఖాతాలోనే పడుతుంది. ఆ గెలుపు ఓస్‌వైలర్‌కి పోయింది, మ్యానింగ్ 186 దగ్గరే ఉండిపోయాడు. తర్వాత ఫిబ్రవరి 7న సూపర్ బౌల్‌లో, అంటే ఫైనల్లో, కరోలినా మీద 24-10. అతని వంతు 23కి 13 పాసులు, 141 యార్డులు. గెలిపించింది డిఫెన్స్, ఆ సంగతి దాచకు. మార్చి 7న రిటైర్ అయ్యాడు. ఫార్వ్‌ని దాటడానికి ఒక్కటంటే ఒక్క గెలుపు మిగిలి ఉండగా. ఏదో ఒక బలహీనమైన జట్టులో చేరి నాలుగు మ్యాచులు ఆడితే దొరికేదే.

ఆ సీజన్‌కి ముందు అతను జీతం 19 మిలియన్ డాలర్ల నుంచి 15కి తగ్గించుకున్నాడు. పోయిన 4 మిలియన్లు తిరిగి రావడానికి పెట్టిన షరతులు రెండు: కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్ (సెమీఫైనల్ లాంటిది) గెలిస్తే 2, సూపర్ బౌల్ గెలిస్తే 2. కాంట్రాక్టు కాగితం ఎప్పుడూ చూడు నాయనా. ఇంటర్వ్యూలో ఎవరైనా ఏమైనా అంటారు, కాగితం మీద ఏం అడిగాడన్నదే లెక్క.

ఇక వరస స్టార్ట్‌ల (ఒక్కటీ మానకుండా మొదటినుంచీ దిగిన మ్యాచుల) సంగతి. నిజంగా భయపడాల్సిన రికార్డు ఇదొక్కటే, ఎందుకంటే ఇది మాత్రమే "ఇవాళ దిగుతావా, లేదా?" అని ముఖం మీదే అడుగుతుంది. ఒళ్ళు బాగోలేనివాణ్ణి మైదానంలోకి తోసేది ఇదే. ఫార్వ్ 297 మ్యాచులు వరసగా మొదలుపెట్టాడు. 2010 డిసెంబర్‌లో భుజం దెబ్బతో ఆ వరస తెగింది. ఇంక తొందరేముంది? సీజన్ చేజారింది, వరస పోయింది, వయసు 41. అయినా తర్వాతి వారమే, డిసెంబర్ 20 రాత్రి, మిన్నెసోటా యూనివర్సిటీ స్టేడియంలో గడ్డకట్టిన నేల మీద చికాగోతో ఆడటానికి వచ్చాడు. శాక్ అయినప్పుడు, అంటే పాస్ వేయకముందే పడగొట్టినప్పుడు, తల నేలకి కొట్టుకుంది, కంకషన్ (మెదడు అదిరిన దెబ్బ). మళ్ళీ ఆడలేదు. దీన్ని తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, అతని మీద కాదు, అతన్ని పంపినవాళ్ళ మీద. కానీ నీ ప్రశ్నకి జవాబు మాత్రం ఇక్కడ ఉంది: రికార్డు లేకపోయినా వచ్చాడు. ఆటే తప్ప ఇంకోటి తెలియని మనిషి అలాగే వస్తాడు.

దీనికి ఎదురుగా పేటన్ తమ్ముడు ఈలై మ్యానింగ్‌ని పెట్టు. 2017 నవంబర్, వయసు 36, వరసగా 210 స్టార్ట్‌లు. అతని జట్టు న్యూయార్క్ జయంట్స్ కోచ్ అతన్ని పక్కన పెట్టదలచి ఒక దారి చూపించాడు: మ్యాచ్ నువ్వే మొదలుపెట్టు, వరస నిలుస్తుంది, మధ్యలో బ్యాకప్ జీనో స్మిత్‌ని దింపుతాం. రికార్డుని పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. ఈలై వద్దన్నాడు, అలా నిలబెట్టుకోవడం తనకి సమ్మతం కాదన్నాడు. ఓక్లండ్‌లో స్మిత్ మొదలుపెట్టాడు, వరస 210 దగ్గర ఆగింది. నీ ఎపిసోడ్‌లో ఇంతకంటే శుభ్రమైన పరీక్ష దొరకదు. పది నిమిషాలు దీనికే ఇవ్వు.

బ్రీస్ 2020 సీజన్ జోలికి మాత్రం పోకు. పక్కటెముకలు 11 చోట్ల విరిగి, ఊపిరితిత్తికి దెబ్బ తగిలి, నాలుగు మ్యాచులు మాత్రమే మానేసి తిరిగొచ్చాడు. ఆ ఏడాది టచ్‌డౌన్ల రికార్డు అతనికీ బ్రేడీకీ మధ్య దోబూచులాడుతోంది కాబట్టి "చూశారా!" అనాలనిపిస్తుంది. కానీ అతని జట్టు న్యూ ఆర్లీన్స్ అప్పుడు ప్లేఆఫ్స్‌లో మంచి స్థానం కోసం పోటీలో ఉంది. రెండు కారణాలూ ఒకేవైపు లాగాయి, ఏది బరువో తేల్చలేం. తేల్చలేనిదాన్ని తేల్చినట్టు చెప్పకు.

సచిన్‌ని తెస్తావని తెలుసు, మనవాళ్ళు కామెంట్లలో ఎలాగూ తెస్తారు. 2012 మార్చి 16, మీర్‌పూర్, వందో వంద, బంగ్లాదేశ్ చేతిలో ఓటమి. పోలిక తేలిగ్గా కుదిరినట్టు కనిపిస్తుంది గానీ కుదరదు. పరుగు బ్యాట్స్‌మన్ సొంతం. క్వార్టర్‌బ్యాక్ యార్డుల్లో బంతి పట్టాక రిసీవర్ పరిగెత్తినవీ కలుస్తాయి. 2018 అక్టోబర్ 8న బ్రీస్‌కి యార్డుల రికార్డు తెచ్చిన 62 యార్డుల పాస్ కొత్త కుర్రాడు ట్రేక్వాన్ స్మిత్ పట్టి చివరిదాకా పరిగెత్తినది. నెమ్మదిగా ఆడి వంద పూర్తిచేసుకున్నాడన్న నింద అక్కడ వేయొచ్చు. ఇక్కడ ఆ ఆరోపణే సరిగ్గా అతకదు.

ఎపిసోడ్ పేరు మార్చు. ప్రశ్నగా పెట్టినా పరవాలేదు, పిచ్చి అన్న మాట వద్దు. రికార్డు వీళ్ళకి ఇష్టం లేదని నేననను. బంతి దాచుకుంటారు, ఫొటో దిగుతారు, సంబరపడతారు, ఎందుకు పడకూడదు? ఆదివారం పొద్దున్నే మంచం మీంచి లేపేది అదేనా అన్నది వేరే మాట. నీ దగ్గర ఉన్న సాక్ష్యం కాదంటోంది. అంతవరకే చెప్పి ఊరుకో.

స్క్రిప్టు శుక్రవారంలోగా పంపితే ఎర్ర పెన్నుతో దిద్ది శనివారానికి ఇస్తాను. ఆదివారం మ్యాచులు మొదలయ్యాక ఫోన్ ఎత్తను, నీకు తెలుసు. వేళకి తిను.

మీ అత్తయ్య