పోయాక్ సీసా అటక మీద ఉండొచ్చా?

ప్రశ్న: మా బావగారు పారిస్ నుంచి 2016 నాటి పోయాక్ రెడ్ వైన్ తెచ్చారు. ఇంకో ఎనిమిదేళ్లకి వచ్చే మా పాతికేళ్ల పెళ్లిరోజుకి తెరుద్దామని వంటింటి అటక మీద నిలబెట్టాం. పాడవుతుందా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు దాన్ని అటక మీంచి దించేయండమ్మా! పోయాక్ అంటే ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుపడ్డ బోర్డో ప్రాంతంలోని ఓ ఊరు, కంకర నేల, అక్కడ కబెర్నే సావిన్యోన్ ద్రాక్షదే రాజ్యం, తొక్క మందం కాబట్టి టానిన్ ఎక్కువ, అంటే చిక్కటి డికాక్షన్ ఒట్టిగా తాగితే నాలుక బిగుసుకుపోతుందే, ఆ వగరు. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి కలిసి, కొంత మడ్డిగా అడుక్కి దిగుతాయి, వగరు మెత్తబడుతుంది, పండ్ల వాసన తగ్గి దేవదారు చెక్క, పొగాకు లాంటి వాసనలు పైకొస్తాయి. నాకైతే ఆ దశే ఇష్టం. 2016 బోర్డోకి చాలా మంచి ఏడాది, మంచి తయారీదారుదైతే ఎనిమిదేళ్లు హాయిగా ఆగుతుంది.

కానీ వంటింటి వేడిలో కాదు. 12 నుంచి 14 డిగ్రీల్లో, చీకట్లో, బిరడా ఎండకుండా పడుకోబెట్టాలి. మామూలు ఫ్రిజ్ ఏళ్ల తరబడి పనికిరాదు, వైన్ కూలర్ కావాలి. అది కుదరకపోతే ఈ పెళ్లిరోజుకే తెరిచేయండి, ముందురోజు నిలబెట్టి, మడ్డి కదలకుండా మెల్లగా జగ్గులోకి వంచి, గంటసేపు గాలి తగలనివ్వండి.