విదేశం నుంచి వచ్చినప్పుడు చుట్టాలందరినీ ఒకచోటికి పిలవాలా, మనమే తిరగాలా?

మీ ప్రశ్న ఇదీ: తొమ్మిదేళ్ళ తర్వాత భర్తతో, ఏడేళ్ళ బాబుతో టెక్సాస్ నుంచి జనవరిలో విజయవాడ వస్తున్నారు. చేతిలో ఐదు వారాలున్నాయి. చుట్టాలు, స్నేహితులు గుంటూరు, తెనాలి, బాపట్ల, విశాఖపట్నంలో ఉన్నారు. బెంజి సర్కిల్ దగ్గర ఓ హాలు మాట్లాడి అందరినీ ఒక పూట భోజనానికి పిలిస్తే సరిపోతుందా, లేక ఊరూరా తిరగాలా అని అడిగారు.

తిరగండి అనే చెప్తాను. హాలు వద్దు.

మాది గుంటూరు బ్రాడీపేట. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు కెనడాలో ఉన్నాం, ఇప్పుడు ఇక్కడికే వచ్చేశాం. ఆ మధ్య మా పెదనాన్నగారబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు మీరనుకుంటున్నట్టే హాలు తీసుకున్నాడు. భోజనాలు బ్రహ్మాండంగా పెట్టాడు. అయినా వచ్చినవాళ్ళు అతన్ని అడిగింది ‘ఎప్పుడొచ్చావు, మళ్ళీ ఎప్పుడెళ్తావు’ అని, అంతే. వరసలో నిలబడి ఫోటో దిగారు, పళ్ళెం పట్టుకున్నారు, వెళ్ళిపోయారు. ఎవరికోసమైతే అతను అంత దూరం నుంచి వచ్చాడో ఆ మా నాయనమ్మ మోకాళ్ళ నొప్పులతో హాలు దాకా రాలేకపోయింది. పెద్దవాళ్ళ విషయంలో ఇంకో ఆలోచన లేదు, మనమే వాళ్ళ గడప ఎక్కాలి. అదీ ముందు వారంలోనే.

తిరగడంలో నాకు బాగా కలిసొచ్చిన పద్ధతి ఒకటుంది. ఏ ఊరికి వెళ్ళినా మీ ముగ్గురే వెళ్ళకండి. మీ వైపువాళ్ళో, మీ ఆయన వైపువాళ్ళో ఒక మనిషిని వెంట తీసుకెళ్ళండి. బాపట్ల అత్తయ్యని చూడబోతుంటే విజయవాడ పిన్నిని రమ్మనండి. గుంటూరు బాబాయి దగ్గరికైతే మీ అన్నయ్య కూతుర్ని తీసుకెళ్ళండి. ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళు మనకి మర్యాదలు చేస్తారు. మంచినీళ్ళు, కాఫీ, పళ్ళు, ‘ఇంకొంచెం వడ్డించుకో’, ఇలాగే పొద్దు గడిచిపోతుంది. వంటింట్లో ఉన్న మనిషి వంటింట్లోనే ఉండిపోతుంది. అదే మన వెంట ప్రయాణంలో వచ్చిన మనిషికి చేయాల్సిన పనేమీ ఉండదు, పక్కన కూర్చుని మాట్లాడుతుంది.

ఒకసారి మా పిన్నితో విజయవాడలో తెనాలి వైపు వెళ్ళే రైలెక్కాను. స్టేషన్ దాటిన కాసేపటికే కృష్ణ వంతెన వస్తుంది కదా, ఆవిడ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీసి, కళ్ళకద్దుకుని, కిటికీ ఊచల మధ్యనుంచి నీళ్ళలోకి విసిరింది. నాకూ ఒకటిచ్చి వేయమంది. అటువైపు ప్రకాశం బ్యారేజీ కనిపిస్తుంటే తన పెళ్ళినాటి సంగతులు ఎత్తుకుంది. దుగ్గిరాల వచ్చేసరికి, మెల్లిగా, నేను కెనడాలో ఉండగా తనకి ఆపరేషన్ అయిన విషయం బయటపెట్టింది. ‘నువ్వక్కడ కంగారు పడతావని చెప్పలేదే’ అంది. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడుకున్న మనిషే! ముఖంలో ముఖం పెట్టి చెప్పలేని మాట, ఇద్దరం కిటికీలోంచి పసుపు చేలు చూస్తుండగా చెప్పింది. తెనాలిలో దిగి మేమెళ్ళిన ఇంట్లో ఎన్ని రకాలు వండారో నాకిప్పుడు గుర్తులేదు. ఆ దారి మాత్రం ప్రతి మలుపూ గుర్తుంది.

మీకు తెనాలి, బాపట్ల ఒకే లైనులో పడతాయి. పినాకిని లాంటి పగటి రైళ్ళు రెండుచోట్లా ఆగుతాయి. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేలా కాకుండా ఒక రాత్రి బాపట్లలో నిద్ర చేయండి. తెల్లారి సూర్యలంక సముద్రానికి బాబుని, అక్కడి పిల్లల్నీ కలిపి తీసుకెళ్ళండి. ఏడేళ్ళ పిల్లాడికి ‘వీడు నీ బావ’ అని పరిచయం చేస్తే ఏమీ ఎక్కదు. ఇసకలో ఒక పూట కలిసి ఆడితే ఆ వరస వాడే పట్టుకుంటాడు.

గుంటూరుకి బస్సే మేలు. ముప్పై అయిదు కిలోమీటర్లే కాబట్టి పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చు. బ్రాడీపేటలో, అరండల్‌పేటలో ఎవరిల్లయినా లైను, అడ్డరోడ్డు నంబర్లు చెప్తే ఆటోవాళ్ళు గుమ్మం ముందు దింపుతారు. ఇన్నేళ్ళ తర్వాత వచ్చినా దారి అడగనక్కర్లేదు. ఇంకో మంచి మార్పు కూడా వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ‘ఎందుకులే ఖర్చు’ అని ఇల్లు కదలని మా మేనత్త ఇప్పుడు పిలిస్తే చాలు, సంచి భుజాన వేసుకుంటోంది. మీ పిన్నుల్ని, అత్తయ్యల్ని మొహమాటం లేకుండా రమ్మనండి.

స్నేహితురాళ్ళ సంగతి మీరు పైపైన రాసి వదిలేశారు కానీ నాకు అదే ముఖ్యంగా తోచింది. ఉమ్మడి కుటుంబంలో ఉన్న స్నేహితురాలిని ఆమె ఇంట్లో కలిస్తే అత్తగారు, ఆడపడుచు, పిల్లల హోమ్‌వర్క్ అన్నీ మధ్యలోకి వస్తాయి. హోటల్‌కి రమ్మంటే ఆమెకి ఇబ్బంది. అందుకని నేను మా కాలేజీ స్నేహితురాళ్ళని మంగళగిరికి పిలిచాను. గుడికి అంటే ఏ ఇంట్లోనూ కాదనరు. కొండమీద పానకాలస్వామికి పానకం పోయించి, మిగిలింది ప్రసాదంగా తెచ్చుకుని, మెట్లమీద కూర్చుని పొద్దెక్కేదాకా మాట్లాడుకున్నాం. ఒకామె టీచరుగా చేస్తోంది, ఒకామె భర్త పోయి ఒక్కతే కొడుకుని చదివిస్తోంది. ఆమె ఏడ్చింది, మేమూ ఏడ్చాం, తర్వాత కాలేజీ రోజుల్లో క్లాసులు ఎగ్గొట్టి సినిమాకి వెళ్ళిన సంగతులు తలుచుకుని నవ్వాం. దిగేటప్పుడు ఊళ్ళో మగ్గాల చీరలు ఒకరికొకరు ఎంచి కొనిపెట్టుకున్నాం. పైన గుడి మధ్యాహ్నం తర్వాత మూసేస్తారు కనుక పొద్దున్నే బయల్దేరండి.

మీ ఆయన స్నేహితుడికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉందన్నారు. జనవరిలోనే కలిసేయమనండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు దిగే రోజుల్లో అతనికి తల ఎత్తే తీరిక ఉండదు. ఇంటికి భోజనానికి పిలవమని ఎదురుచూడకుండా కొట్టుకే వెళ్ళి, బస్తాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోమనండి. తన పని చోటికి వచ్చి చూశాడంటే అతనికి కలిగే సంతోషం వేరు.

సంక్రాంతి గురించి జాగ్రత్త. మీరు హైదరాబాద్‌లో దిగి రోడ్డు మీద వస్తానంటున్నారు. భోగికి ముందు రెండు మూడు రోజులు పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి. దూరం సుమారు 275 కిలోమీటర్లే అయినా పిల్లాడితో, విమానం బడలికతో అది నరకం. పండక్కి వారం ముందే వచ్చేయండి. పండగ మూడు రోజులూ అమ్మావాళ్ళ దగ్గరే ఉండండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఆ రోజు తిరుగుడు పెట్టుకోవద్దు. నిజానికి ఆ మూడు రోజుల్లో మీరు వెతుక్కుంటూ వెళ్ళాల్సిన వాళ్ళలో సగం మంది వాళ్ళే సొంతూళ్ళకి వచ్చి ఉంటారు.

విశాఖపట్నం ప్రయాణం పండగయ్యాక, రద్దీ తగ్గాక పెట్టుకోండి. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ రైలు పొద్దున్నే ఎక్కితే పగటిపూటే కూర్చుని వెళ్ళొచ్చు. దారిలో రాజమండ్రి వస్తుంది. అక్కడ మీ బంధువులు ఎవరైనా ఉంటే బోగీ నంబరు ముందే చెప్పండి. మా బాబాయి ఒకసారి ఆ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీలోంచి పూతరేకుల పెట్టె అందించాడు. రైలు ఆగింది కాసేపే. నా చెయ్యి పట్టుకుని ‘చిక్కిపోయావేంటమ్మా’ అన్నాడు, రైలు కదిలింది. ఆ కాసేపటి కోసమే ఆయన సైకిలు మీద స్టేషన్‌కి వచ్చాడని తర్వాత పిన్ని చెప్పింది.

మీరు అక్కడున్నప్పుడు పోయినవాళ్ళ ఇళ్ళు ఉంటాయి. వాటిని చివరికి నెట్టకండి. ఏళ్ళు గడిచినా సరే, ‘వచ్చి పలకరించలేదు’ అన్నది వాళ్ళ మనసులో ఉండిపోతుంది. ఏ రోజు వెళ్ళొచ్చో, ఏ రోజు వెళ్ళకూడదో ఒక్కో ఇంటి ఆచారం ఒక్కోలా ఉంటుంది, అమ్మగారిని అడిగి వెళ్ళండి. ఆ పూట ఇంకే ఇంటికీ వెళ్ళే పని పెట్టుకోకండి. పోయినవాళ్ళు మీతో దిగిన ఫోటో ఏదైనా మీ ఫోనులో ఉంటే కాగితం మీద వేయించి తీసుకెళ్ళండి. పెట్టెల నిండా తెచ్చే చాక్లెట్ల కన్నా అది ఎక్కువ విలువైంది.

డబ్బు విషయం కూడా చెప్పేస్తాను. మీకు ఇక్కడి బ్యాంకులో విదేశాల్లో ఉండే మనవాళ్ళకిచ్చే ఎన్‌ఆర్‌ఈ గానీ ఎన్‌ఆర్‌ఓ గానీ ఖాతా ఉంటే అమెరికా నంబరుతోనే యూపీఐ పెట్టుకునే వీలుంది, మీ బ్యాంకు ఇస్తుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి. ఆటోకి, కొబ్బరిబోండానికి కూడా ఇప్పుడు అదే వాడకం.

రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే ఇస్తారు. ఆన్‌లైన్ తత్కాల్‌కి 2025 జూలై నుంచి ఆధార్‌తో ముడిపడిన ఖాతా ఉండాలి, అందుకని ఆఖరి నిమిషంలో తీసుకుందామని కూర్చోకండి. తెనాలి, బాపట్ల, విశాఖ తేదీలు ఈ వారంలోనే అనుకుని, విజయవాడలో ఉన్న మీ తమ్ముడికి చెప్పి తీయించండి. ఒక్కో ప్రయాణంలో మీ వెంట వచ్చే మనిషి పేరు కూడా అప్పుడే అడిగి రాయించండి. చివరి వారం మాత్రం ఏ ఊరికీ టికెట్ వద్దు, అది అమ్మానాన్నలకి వదిలేయండి.