కణం ఎటు కదలాలో ఎలా తేలుతుంది: కొత్తగా సైన్స్ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. తెల్ల రక్తకణం బాక్టీరియాని ఎలా వెతికి పట్టుకుంటుందో తెలుగులో రాయాలనే ఆలోచన నాకెంతో నచ్చింది. రాసిన తీరు గురించి మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాలి. మొదటి పేజీ నిండా అణువుల పేర్లే. కీమోకైన్, జీ ప్రోటీన్, కైనేజ్, ర్యాక్, రో. చదివేవాళ్లకి అవన్నీ ఎందుకో తెలియదు. ఆ కణం ఏ ఇబ్బందిలో ఉందో ముందు చెబితే, ఒక్కో పేరూ అవసరం కొద్దీ వస్తుంది.

ఇబ్బంది ఇదీ. నీ వ్యాసంలోని తెల్ల రక్తకణం, అంటే న్యూట్రోఫిల్, అడ్డంగా 10 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాస్త అటూ ఇటూ ఉంటుంది. బాక్టీరియా నుంచి వచ్చే అణువులు చుట్టూ వ్యాపిస్తూ, దూరం పోయేకొద్దీ పలచబడతాయి. కణం ఈ చివర ఎన్నున్నాయి, ఆ చివర ఎన్నున్నాయి అని పోల్చితే తేడా ఒక్కోసారి 1-2 శాతమే. అదైనా నిలకడగా ఉండదు, అణువులు ఎటు పడితే అటు తిరుగుతూ వచ్చి తగులుతుంటాయి. ఆ కాస్త తేడాతోనే ఎటు కదలాలో తేలాలి. నీ వ్యాసంలో లేనిది ఈ సంగతే. ఉండుంటే పాఠకుడు తనంతట తానే "మరెలా?" అని అడిగేవాడు.

న్యూట్రోఫిల్‌ని వాసన పట్టే పోలీసు కుక్కతో పోల్చావు, ఆ పోలిక తీసెయ్. కుక్క ముక్కు నేలకి ఆనించి నాలుగడుగులు వేసి, వాసన పెరిగిందా తగ్గిందా చూసుకుంటుంది. ఆ పద్ధతి న్యూట్రోఫిల్‌ది కాదు, ఈ.కోలై లాంటి బాక్టీరియాది. అది 2 మైక్రాన్ల పొడవే ఉంటుంది కాబట్టి దాని రెండు చివరల మధ్య తేడాని నమ్ముకోవడానికి లేదు. అందుకని ఈదుతూ, ఇప్పుడున్న పరిస్థితిని కొద్ది సెకన్ల కిందటి దానితో పోల్చుకుంటుంది. 1972లో హోవర్డ్ బెర్గ్, డగ్లస్ బ్రౌన్ ఒక్కో బాక్టీరియా వెంటే కదిలే మైక్రోస్కోప్‌తో దీన్ని చూశారు. ఓ సెకను పాటు దాదాపు సూటిగా ఈత, సెకనులో పదో వంతు సేపు ఉన్నచోటే పొర్లడం, మళ్లీ ఇంకో దిక్కుకి ఈత. తిండి ఉన్న వైపు పోతుంటే ఆ సూటి ఈత ఎక్కువ సేపు సాగుతుంది, అంతే. మరి కొద్ది సెకన్ల కిందటి జ్ఞాపకం ఎక్కడుంది? బయటి అణువుల్ని పట్టుకునే రిసెప్టర్లు అనే ప్రోటీన్ల మీద ఎక్కుతూ దిగుతూ ఉండే మిథైల్ సమూహాలనే చిన్న రసాయన తగిలింపుల్లో. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. నీ వ్యాసంలో దీనికి చోటివ్వు.

న్యూట్రోఫిల్ అంతకంటే పెద్దది, మెల్లగా పాకుతుంది. ఉన్నచోటే ఉండి తన రెండు పక్కలనీ పోల్చుకోగలదు. ఇక్కడికి వచ్చాక తొందరపడకు. బాక్టీరియా ప్రోటీన్ల తయారీ ఫార్మైల్ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతుంది. మన కణాల్లో మైటోకాండ్రియా సొంతంగా చేసుకునేవి తప్ప మిగతావి అలా మొదలవ్వవు. అలా మొదలయ్యే ప్రోటీన్ల ముక్కలే న్యూట్రోఫిల్‌కి ఆనవాలు. దెబ్బ తగిలి కణాలు చితికి మైటోకాండ్రియా ముక్కలు బయటపడినప్పుడు, బాక్టీరియా లేకపోయినా న్యూట్రోఫిల్స్ ఎందుకు చేరతాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. ఆ ముక్కల్ని పట్టుకునే రిసెప్టర్లు కణం చుట్టూ ఇంచుమించు సమానంగా పరుచుకుని ఉంటాయి. బాక్టీరియా ఉన్న వైపు ఇంకాస్త ఎక్కువ రిసెప్టర్లకి అవి తగులుకుంటాయి. ఆ సంకేతం కణం లోపలికి వెళ్లేసరికి ఆ కాస్త తేడా పెద్దదవుతుంది. పిప్3 అనే కొవ్వు అణువు ముందు అంచు దగ్గర పొరలో పోగుపడుతుంది. ర్యాక్ అనే ప్రోటీన్ అక్కడ కణానికి ఆకారమిచ్చే యాక్టిన్ పోగుల్ని పెంచుతుంది, పొర ముందుకి ఉబుకుతుంది. వెనకవైపు రో అనే ఇంకో ప్రోటీన్ పురమాయిస్తే, పోగుల్ని లాగే మయోసిన్ బిగుసుకుని తోకని లాక్కొస్తుంది.

1950లలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ తీసిన, న్యూట్రోఫిల్ బాక్టీరియా వెంటపడే చిన్న ఫిల్మ్ చూశానని రాశావు. ఈసారి ఆపుతూ ఆపుతూ చూడు. ఎర్రకణాల మధ్య ఇరుకులోంచి న్యూట్రోఫిల్ దూరుతుంటే ముందు అంచు పలచగా సాగుతుంది. బాక్టీరియా పక్కకి జరిగిందా, అటుపక్కన కొత్త అంచు పొడుచుకొస్తుంది, తోక ఆ తర్వాత తిరుగుతుంది. ఆ వరస ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. "కసిగా తరిమింది", "పగబట్టింది" లాంటి మాటల అవసరమే రాదు.

"పిప్3 వల్లే కణానికి దిక్కు తెలుస్తుంది" అన్న వాక్యం మార్చు. మట్టిలో బతికే డిక్టియోస్టీలియం అనే అమీబాలో పిప్3ని తయారుచేసే ముఖ్యమైన ఎంజైములన్నీ తీసేసినా అది ఆనవాలు పట్టుకుని పోగలిగిందని 2007లో తేలింది. కణంలో ఒక దారి మూస్తే ఇంకో దారి ఉంటుంది. ఏ ఒక్క అణువుకీ పట్టం కట్టకు.

ఆ అమీబా దగ్గరే ఇంకో మాట. తిండి దొరికినంత కాలం అది బాక్టీరియా వదిలే ఫోలిక్ ఆమ్లం వెంట పోతుంది. తిండి అయిపోతే తోటి అమీబాలు వదిలే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు వెంట పోతుంది. అలా లక్ష దాకా అమీబాలు ఒకచోట గుమిగూడతాయి. ఆ సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి. ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించింది కూడా భీమవరంలో పుట్టిన ఆ సుబ్బారావు గారే. నువ్వు ఆయన పేరుని చివర్లో "మన తెలుగువాడు" అని అతికించావు. అక్కడొద్దు. ఈ రెండు అణువుల దగ్గరికి తీసుకురా, ఆయన చేసిన పని ఎంత లోతుకి వెళ్లిందో పాఠకుడికే కనిపిస్తుంది.

తిరగరాసేటప్పుడు కీమోకైన్ల (కణాల్ని రప్పించే చిన్న ప్రోటీన్ల) జాబితా మొత్తం కొట్టెయ్. ఐఎల్-8 ఒక్కటి ఉంచు, అదీ రక్తంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ నాళం గోడ దగ్గర ఎందుకు నిలబడుతుందో చెప్పేటప్పుడే. బొమ్మ ఒకటి చాలు, చేత్తో గీసినా ఫర్వాలేదు. ముందు, వెనక ఏవో అందులో స్పష్టంగా తెలియాలి. నిడివి పెరుగుతుందని టెన్షన్ పడకు, న్యూట్రోఫిల్‌కి ఎన్ని పేజీలు కావాలంటే అన్ని రాయి. దసరాలోగా పంపు, చూస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి