మైలుతుత్తం నానబెట్టిన డ్రమ్ము లోపల ఎర్ర పూత

ప్రశ్న: నిమ్మలో గజ్జి తెగులుకు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) చేద్దామని పాత ఇనుప డ్రమ్ములో కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం) వేసి, నీళ్లు పోసి రాత్రంతా ఉంచాను. గడ్డలు వేసినప్పుడు మంచి నీలంగానే ఉన్నాయి. తెల్లారి చూస్తే డ్రమ్ము లోపల ఎర్రగా పూత కట్టింది, నీళ్లు ఆకుపచ్చకు తిరిగాయి. సున్నం కలిపి కొట్టినా తెగులు ఆగలేదు. సరుకు కల్తీదా? ఈసారి ఇంకో అరకిలో వేయమంటారా?

జవాబు: వేయకండి, ఎంత వేసినా ఆ డ్రమ్ములో అదే జరుగుతుంది. గడ్డలు నీలంగా ఉన్నాయంటున్నారు కాబట్టి ముందు అనుమానించాల్సింది డ్రమ్మునే. ఆకు మీద పడాల్సిన రాగి డ్రమ్ము గోడకు అంటుకుంది. మీరు చూసిన ఎర్ర పూత అదే.

మైలుతుత్తం కరిగితే రాగి అయాన్లుగా, అంటే ఎలక్ట్రాన్లు తగ్గిన కణాలుగా నీళ్లలో తిరుగుతుంది. ఇనుము ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలేస్తుంది, రాగి అయాన్లు వాటిని అందుకుని లోహంగా మారి గోడ మీద కూర్చుంటాయి. వదిలేసిన ఇనుము నీళ్లలో కరిగిపోతుంది. ఆ ఆకుపచ్చ రంగు దానిదే. కిలో మైలుతుత్తంలో ఉండే రాగే సుమారు 250 గ్రాములు. అందులో 100 గ్రాములు గోడకు పట్టిందంటే, డ్రమ్ములోంచి 88 గ్రాముల ఇనుము పోయినట్టు. ఈ రెండు లోహాలను వేరువేరు ద్రావణాల్లో ఉంచి తీగతో కలిపితే అవే ఎలక్ట్రాన్లు తీగ గుండా పారతాయి, సుమారు 0.78 వోల్టుల బ్యాటరీ తయారవుతుంది. ఇనుము బదులు జింకు పెడితే 1.1 వోల్టులు, అంటే జింకు ఎలక్ట్రాన్లను ఇంకా తేలిగ్గా వదులుతుంది. అందుకే జింకు పూత ఉన్న బకెట్ కూడా పనికిరాదు. ప్లాస్టిక్ డ్రమ్ము గానీ మట్టి తొట్టి గానీ వాడండి.

ఇంత రాగి పోవడానికి కారణం రాత్రంతా ఉంచడం. ద్రావణం చిక్కగా ఉన్నకొద్దీ, వెచ్చగా ఉన్నకొద్దీ ఈ చర్య వేగంగా సాగుతుంది. అసలు అంతసేపు నానబెట్టాల్సి వచ్చింది గడ్డలు పెద్దవి కాబట్టే. సెంటీమీటరు గడ్డను మిల్లీమీటరు ముక్కలు చేస్తే నీరు తాకే పైభాగం పది రెట్లవుతుంది, కరగడం కూడా ఆ మేరకు త్వరపడుతుంది. దంచి, పలుచని గుడ్డలో మూట కట్టి, నీటి పైమట్టంలో మునిగేలా వేలాడదీయండి. మూట కింద నీలం చారలు దిగుతూ కనిపిస్తాయి. కరిగిన నీరు బరువెక్కి అడుక్కి పోతుంటే కొత్త నీరు వచ్చి మూటను తాకుతుంది. అడుగున పోసి వదిలేస్తే గడ్డల చుట్టూ చిక్కటి నీరే నిలిచిపోయి కరగడం మందగిస్తుంది.

1 శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం 50 లీటర్లలో, కిలో మంచి సున్నం మరో 50 లీటర్లలో విడిగా కలపండి. సున్నం నీళ్లు పూర్తిగా చల్లారాక వడకట్టి, వాటిలోకి మైలుతుత్తం నీళ్లను నెమ్మదిగా పోస్తూ కలియబెట్టండి. వేడిగా ఉన్నప్పుడు కలిపితే రాగి నల్లటి ఆక్సైడుగా మారుతుంది.

మీ డ్రమ్మును పాడుచేసిన చర్యే ఇక్కడ పరీక్షగా పనికొస్తుంది. గరుకు కాగితంతో రుద్ది మెరిసేలా చేసిన ఇనుప కత్తిని మిశ్రమంలో ఒక నిమిషం ముంచండి. ఎర్రబడితే సున్నానికి చిక్కని రాగి ఇంకా మిగిలుందన్నమాట, అలాగే కొడితే ఆకు మాడుతుంది. కొంచెం కొంచెంగా సున్నం నీళ్లు కలుపుతూ, కత్తిని మళ్లీ రుద్ది ముంచుతూ, మెరుపు మారకుండా ఉండేదాకా చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలు కత్తిని నమ్మకండి, దాని మీద పూత సరిగా కట్టకపోవచ్చు. చేసిన మిశ్రమం ఆ రోజే కొట్టేయాలి. నిలవుంటే రేణువులు ముద్దకట్టి ఆకుకు పట్టవు.

పాత డ్రమ్ములో పూతను గీకినా అక్కడక్కడా రాగి మిగిలి, తడి తగిలినప్పుడల్లా పక్కనున్న ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. దాన్ని మందులకు వాడకండి, పశువులకు నీళ్లూ పెట్టకండి. అడుగున మిగిలిన నీళ్లు గొర్రెలు మేసే చోట పోయకండి, రాగి విషానికి అవి మిగతా పశువులకన్నా త్వరగా లోనవుతాయి.