సీటు వదిలే ముందు పది రోజులు నిద్రపోండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో గైనిక్ పీజీ రెండో సంవత్సరం. ఇంకా 14 నెలలుంది. వారానికి రెండుసార్లు 36 గంటల డ్యూటీ పడుతుంది. మొన్నొక రాత్రి లేబర్ రూమ్‌లో ఒకామె నా చెయ్యి పట్టుకుని ‘పోవద్దమ్మా’ అంది. నాకేమీ అనిపించలేదు. చెయ్యి విడిపించుకుని పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోయాను. ఆ రోజు నుంచి ఈ వృత్తే నాది కాదేమో అనిపిస్తోంది. ఎంబీబీఎస్ చదివేటప్పుడు మా వీధి పిల్లలకు నీట్ బయాలజీ చెప్పేదాన్ని. నేను సంతోషంగా ఉన్నది అప్పుడే. పీజీ మానేసి టీచింగ్‌కి వెళ్తానంటే నాన్న నాతో మాట్లాడటం లేదు. ఆయన ఆర్టీసీ డ్రైవర్. నా లాంగ్‌టర్మ్ కోచింగ్ కోసం అరెకరం అమ్మారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది ఆ చెయ్యి విడిపించుకున్న దగ్గర. ఈ పని మీకు పట్టనిదే అయితే ఆ సంగతి మర్నాటికి మర్చిపోయేవారు. ఇన్ని రోజులైనా గుచ్చుతోందంటే మీలోని డాక్టరమ్మ ఎక్కడికీ పోలేదు. నిద్ర లేక, వేళకు తిండి లేక మొద్దుబారిపోయింది.

డాక్టర్లు దీన్ని బర్నౌట్ అంటారని మీకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణలో ఇది జబ్బుల కింద లేదు, పని వల్ల వచ్చే స్థితి అని ఉంది. మూడు గుర్తులు చెప్పారు: ఒంట్లో శక్తంతా అయిపోవడం, చేసే పని మీద మనసు విరిగి దూరం జరగడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నానని అనిపించడం. మీరు రాసింది అచ్చంగా రెండోది. రోగిలో ఇవి కనిపిస్తే మీరు వెంటనే పసిగడతారు. మీ దగ్గరికి వచ్చేసరికి ‘ఈ వృత్తి నాది కాదు’ అని తీర్పు రాసేసుకున్నారు.

నా దగ్గర జరిగిన ఒక పొరపాటు మీకు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక సర్జరీ పీజీ వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకోదాంట్లో పెట్టుకున్నాడు, చూసుకోనైనా లేదు. ‘ఇంకో రెండేళ్లే కదా, ఓర్చుకో’ అన్నాను. ఓర్చుకున్నాడు, పాసయ్యాడు, ఆ తర్వాత కత్తి ముట్టుకోలేదు. తర్వాతెప్పుడో కలిసినప్పుడు, ‘ఆ రోజు నేనెన్ని గంటలు నిద్రపోయానో మీరు అడగలేదు సార్’ అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే మిమ్మల్ని ముందు అదే అడుగుతున్నాను. వరసగా ఏడు గంటలు పడుకుని ఎన్ని రోజులైంది?

ఈ నెలలో రాజీనామా ఇవ్వకండి. ముందు సెలవు పెట్టండి. 2023 నాటి పీజీ నిబంధనల్లోనే ఏడాదికి 20 రోజుల సెలవు, పనిని బట్టి వారానికి ఒక రోజు విశ్రాంతి అని రాసి ఉంది. రెసిడెంట్ల, అంటే మీలాంటి పీజీ డాక్టర్ల, డ్యూటీ వారానికి 74 గంటలు దాటకూడదని జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో సిఫారసు కూడా చేసింది. వార్డులో ఎంత అమలవుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా లీవ్ అడగడం మీ హక్కు. మీ విభాగాధిపతి హెచ్‌ఓడీకి నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసి ఇవ్వండి. పది రోజులు ఇంటికెళ్లి పడుకోండి. ఆ పది రోజుల్లో ఏ నిర్ణయమూ వద్దు.

ఒకవేళ పది రోజులు పడుకున్నాక కూడా ఏదీ రుచించకపోతే, ఉదయం లేవడమే భారంగా ఉంటే, బతకడం ఎందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, అది కెరీర్ ప్రశ్న కాదు. సైకియాట్రిస్టును కలవండి. మీ కాలేజీలో తెలిసినవాళ్లు చూస్తారని బెరుకుంటే వేరే ఊళ్లో చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. దీన్ని వాయిదా వేయొద్దు.

నిద్ర తీరాక ఒక ప్రశ్న వేసుకోండి: ఇదే గైనిక్, పగలు ఎనిమిది గంటలు, ఉన్న పేషెంట్లకు సరిపడా డాక్టర్లు ఉన్న చోట అయితే చేస్తానా? చేస్తానంటే మిమ్మల్ని తరుముతున్నది వృత్తి కాదు, ఆ డ్యూటీ చార్టు. దానికి గడువుంది, 14 నెలలు. చేయనంటే, రోగిని చూడటమే ఇష్టం లేదా, లేక రాత్రులు, ఎమర్జెన్సీలు, రక్తం చూడలేకపోతున్నానా అని ఇంకో మెట్టు దిగి అడగండి. రాత్రులే సమస్య అయితే పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో, హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో మీ ఎంబీబీఎస్‌తోనే పగటిపూట ఓపీ చూడొచ్చు. ఊరి ఆరోగ్యాన్ని మొత్తంగా చూసే కమ్యూనిటీ మెడిసిన్ ఉంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో, తిరువనంతపురం అచ్యుత మీనన్ సెంటర్‌లో పబ్లిక్ హెల్త్ పీజీ ఉంది. మందుల కంపెనీల్లో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు గమనించే పని), మెడికల్ రైటింగ్ లాంటి ఉద్యోగాల్లో అసలు స్టెతస్కోపే అక్కర్లేదు.

ఇక టీచింగ్. వీధి పిల్లలకు సాయంత్రం గంటసేపు చెప్పడం వేరు, కోచింగ్ సెంటర్‌లో రోజుకు నాలుగైదు క్లాసులు నిలబడి చెప్పడం వేరు. అక్కడా ర్యాంకుల టెన్షన్ ఉంటుంది, గొంతు పోతుంది. ఆ పది రోజులయ్యాక, మిగిలిన సెలవులో మూడు రోజులు తెలిసిన కోచింగ్ అకాడమీలో కూర్చోండి, వాళ్లు ఒప్పుకుంటే ఒక టాపిక్ చెప్పండి. మూడో రోజు సాయంత్రం కూడా మళ్లీ చెప్పాలనిపిస్తే ఆ ఇష్టం నిజమే. అలాంటప్పుడు కూడా ఒక లెక్క చూసుకోండి. ఇప్పుడు చదువుతున్న ఈ గైనిక్ ఎంఎస్ పూర్తిచేసి ఏడాది సీనియర్ రెసిడెంట్‌గా చేస్తే మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి అర్హత వస్తుంది. పాఠం చెప్పే కోరిక ఈ దారిలోనూ తీరుతుంది. నా మొగ్గు దీనివైపే ఉంది, దాచను. కానీ 14 నెలలు ఈదాల్సింది మీరు. నిద్రపోయి, చూసి వచ్చి కూడా వద్దనిపిస్తే వదిలేయండి. నేను దాన్ని ఓటమి అనను.

వదిలేముందు మీ అడ్మిషన్ ఏడాది ప్రాస్పెక్టస్, మీరు సంతకం పెట్టిన బాండ్ తీసి ప్రతి లైనూ చదవండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, తీసుకున్న స్టైపెండ్ వెనక్కివ్వాలా, మళ్లీ పీజీ కౌన్సెలింగ్‌కి ఎన్నేళ్లు రానివ్వరు, ఇవన్నీ అందులో ఉంటాయి. సీటు వదిలితే వేసే ఈ భారీ జరిమానాలు తీసేయమని 2024 జనవరిలో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాలను కోరింది. అయినా మీకు వర్తించేది మీ బాండే. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గరే ఉంటాయి కాబట్టి ఆ డబ్బు లెక్క తేలకుండా రాజీనామా ఇవ్వొద్దు. ఎంబీబీఎస్ మాత్రం ఎక్కడికీ పోదు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ ఉండండి.

నాన్నగారి గురించి. ఈ ఉత్తరం ఆయనకు చూపించండి, ఈ ఒక్క పేరా ఆయన కోసమే. అయ్యా, మీరు అరెకరం అమ్మి కొన్నది సీటు కాదు, మీ అమ్మాయికి నచ్చిన బతుకు. నిద్ర లేకుండా బస్సు నడిపితే ఏమవుతుందో మీకన్నా తెలిసినవాళ్లు ఎవరుంటారు? డబుల్ డ్యూటీ చేసి వచ్చినవాణ్ని మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టమంటే మీరు ఒప్పుకుంటారా? అమ్మాయి ఇప్పుడు ఆ సీట్లోనే ఉంది. ఊళ్లో ‘డాక్టరమ్మ నాన్న’ అని పిలిపించుకోవడం మీకెంత గొప్పో నాకు తెలుసు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ గారు 1980లో ఐఏఎస్‌లో చేరారు, 1996లో అదీ వదిలేశారు. ఆయన చదువు వృథా అయిందని ఎవరూ అనలేదు. ముందు ఒక ఫోన్ చేయండి. చదువు ఊసెత్తకుండా ‘తిన్నావా’ అని అడగండి చాలు.

అమ్మా, లీవ్ లెటర్ ఈ రోజే రాయండి. కారణం దగ్గర ‘కుటుంబ పనులు’ అని పెట్టకండి, ‘విశ్రాంతి అవసరం’ అని రాయండి. మీ బాండ్ నకలు, అకాడమీలో ఆ మూడు రోజులు ఎలా గడిచాయో, రెండూ నాకు పంపండి. అవి ముందు పెట్టుకుని మళ్లీ మాట్లాడుకుందాం.